ఎంజీబీ కొనాలా, ఫియట్ 124 స్పైడర్ కొనాలా?

మన ఊళ్ళలో ఒకప్పుడు కారు కొనేవాళ్ళది ఒకటే తగువు: అంబాసిడరా, ఫియట్టా? దాన్నే టాపు తీసేసి రెండు సీట్లకు కుదిస్తే బ్రిటిష్ వాళ్ళ ఎంజీబీ, ఇటలీ వాళ్ళ ఫియట్ 124 స్పైడర్ల తగువవుతుంది. చుట్టరికం కూడా నిజంగానే ఉంది. ఎంజీబీలో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళ బీ-సిరీస్ ఇంజను. మన అంబాసిడర్‌లో చాలా ఏళ్ళు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజను ఆ కుటుంబానిదే, ఎంజీబీది 1798 సీసీ. ఇక ఫియట్ 124 సెడాన్ బాడీకి నిస్సాన్ ఇంజను తగిలించిందే మన ప్రీమియర్ 118 ఎన్ఈ. ఆ సెడాన్ అడుగుభాగాన్ని పొట్టిచేసి దాని మీద పినిన్‌ఫరీనా అనే ఇటాలియన్ బాడీల కంపెనీ కట్టిన ఓపెన్ కారు స్పైడర్.

రెండూ లక్షల్లో తయారైనవే కాబట్టి డాలస్‌లో ఉన్నా లెస్టర్‌లో ఉన్నా వెతికితే దొరుకుతాయి. ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైంది. కప్పు ఉన్న జీటీ మోడల్‌తో కలిపి 5 లక్షలు దాటాయి. స్పైడర్ 1966 టూరిన్ షోలో బయటికొచ్చి 1985 దాకా నడిచింది. మొత్తం 2 లక్షలకు కొద్దిగా తక్కువ, అందులో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్ళాయి.

ముందే ఒక మాట. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్పైడర్లన్నీ ఎడమ స్టీరింగువే. బ్రిటన్‌లో ఉండి కుడి స్టీరింగే కావాలనుకుంటే ఎవరో మార్పించిన బండి వెతుక్కోవాలి. ఆ మార్పు ఎంత బాగా చేశారో తేల్చుకోవడం ఇంకో తలనొప్పి. అక్కడ ఉండేవాళ్ళు ఎంజీబీ వైపే చూడటం మేలు. మన దేశంలోనైతే ఎడమ స్టీరింగు బండికి నిర్దేశించిన సిగ్నల్ పరికరం లేకుండా రోడ్డెక్కకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ చెబుతుంది.

కాగితం మీద చూస్తే ఫియట్టే గెలుస్తుంది. రెండు క్యామ్‌షాఫ్టుల (వాల్వులను తెరిచే ఇరుసుల) ఇంజను, 5 గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, వెనక కాయిల్ స్ప్రింగులు, సీట్లో కూర్చునే ఒంటిచేత్తో లేపుకోగల టాపు. అదే కాలపు ఎంజీబీలో కడ్డీలతో వాల్వులను నెట్టే పాతకాలపు పుష్‌రాడ్ ఇంజను, 4 గేర్లు, వెనక డ్రమ్ములు, వెనక కమాన్ పట్టీలు, లారీల కాలం నాటి లీవర్ షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. తొలి ఎంజీబీల టాపు అయితే కడ్డీలు బిగించి గుడ్డ పరిచే డేరా లాంటిది. వాన మొదలయ్యాక దాన్ని కట్టడం మొదలుపెడితే అది పూర్తయ్యేసరికి వాన వెలుస్తుంది. అయినా కొత్తగా ఈ సరదాలోకి దిగేవాళ్ళకు మేం ఎక్కువసార్లు ఎంజీబీనే చెబుతాం. అది ఎందుకో తెలియాలంటే ముందు బండి కింద దూరాలి.

తుప్పు ఎక్కడ పడుతుంది

ఈ రెండు బళ్ళ ధర తేల్చేది రేకు. ఇంజను పోతే ఒక లెక్కన బాగుచేయించుకోవచ్చు, ఒళ్ళు పోతే లెక్క తెగదు. రెండింటికీ విడి ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. పైన కప్పు లేని బళ్ళు కాబట్టి ఆ బరువంతా అడుగున ఉన్న పెట్టెల మీదే పడుతుంది.

ఎంజీబీలో ఆ పని చేసేవి సిల్స్. తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా వెళ్ళే దూలాలివి. మూడు రేకులు కలిస్తే ఒక సిల్ అవుతుంది: బయటి రేకు, లోపలి రేకు, రెంటి మధ్య నిలువుగా ఒక అడ్డరేకు. తుప్పు లోపలినుంచి బయటికి తింటుంది. బయటికి బుడగ కనబడిందంటే లోపలి అడ్డరేకు ఎప్పుడో పోయిందనే అర్థం. చేతివాటం పనివాళ్ళు పాత సిల్ మీదే కొత్త రేకు కప్పి పుట్టీ పెట్టి పెయింటు కొడతారు. పైకి అద్దంలా మెరుస్తుంది, లోపల అటుకులే.

దాన్ని ఇలా పట్టుకోవచ్చు. సరిగ్గా చేసిన సిల్ ముందు రెక్క అడుగున దూరి వెనక చక్రం ముందు మూల దాకా సాగుతుంది. కాబట్టి సిల్ నిజంగా మార్చారంటే రెక్క అడుగు, ఆ వెనక మూల కోసి మళ్ళీ అతికి ఉండాలి. అక్కడ అతుకు ఆనవాలు ఏమీ లేకుండా సిల్ మాత్రం కొత్తగా కనబడితే అనుమానించండి. తర్వాత తలుపుకూ వెనక రెక్కకూ మధ్య సందు చూడండి, పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి. తలుపు మూసి, జాకీ పాయింటు కింద జాకీ పెట్టి మెల్లగా లేపండి. సందు వెడల్పు మారుతున్నా, తలుపు తెరుచుకోనని మొరాయించినా ఆ బండి నడుం విరిగినట్టే. సిల్స్ మార్పించేటప్పుడు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనప కడ్డీ వెల్డు చేశాకే పాతది కోయాలి. ఆ కడ్డీ లేకుండా కోసిన షెడ్డులో ఒళ్ళు ఎలా వంగితే అలాగే బిగుసుకుపోతుంది, తలుపు జన్మలో సరిపడదు.

మిగతా చోట్లు వేగంగా చూసేయవచ్చు. సీట్ల వెనక బ్యాటరీ పెట్టెలు (1974 దాకా రెండు 6 వోల్టుల బ్యాటరీలు అక్కడుండేవి, యాసిడ్ ఒలికి పెట్టె అడుగు ఊడుతుంది), కాళ్ళ కింది నేల, ముందు రెక్కల అడుగు, తలుపు మీద చిన్న త్రికోణం అద్దం మొదట్లో పడే సన్నని చీలిక. ఆ చీలిక రేకు అలసట వల్ల వచ్చేది, వెల్డు చేసినా మళ్ళీ వస్తుంది.

స్పైడర్‌లో ముందు చూడాల్సింది బానెట్ కింద. ముందు చక్రాల పైన రెండు షాక్ టవర్లుంటాయి. ముందు సస్పెన్షన్ పైకి తన్నే బలమంతా తట్టుకునేవి అవే. చక్రం విసిరిన మట్టి టవరు వెనక పక్క అతుకుల్లో పేరుకుని, తడి పట్టి, రెండు రేకుల మధ్య తుప్పు ఉబ్బి, అతుకును విడదీస్తుంది. బానెట్ తెరిచి పైనుంచి చూస్తే చాలదు. స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పించి, చక్రం సందులోంచి టార్చి వేసి పైకి చూడాలి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టాలి. ఆరోగ్యంగా ఉన్న రేకు ఖంగుమంటుంది, పోయినది మొద్దుగా పలుకుతుంది. నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా, కొత్తగా పూసి ఉంటే అది దేన్ని దాచిందో అడగండి. టవరు పోతే దాన్ని తిరిగి కట్టడం సాదా టింకరింగ్ పని కాదు. కొలతలు తేడా వస్తే చక్రాల అలైన్‌మెంటు కుదరదు.

దాని కిందే ముందు క్రాస్‌మెంబర్, అంటే సస్పెన్షన్‌ను మోసే అడ్డదూలం. బోల్టులు దూరే చోట వెంట్రుక లాంటి పగుళ్ళొస్తాయి. గ్రీజు తుడిచి చూస్తేగానీ కనబడవు. వెనకవైపు ఇరుసును పట్టి ఉంచే ట్రెయిలింగ్ ఆర్ములు బాడీకి అతుక్కునే చోట్లు, డిక్కీలో స్టెప్నీ గుంట, ఇక సిల్స్ ఎలాగూ చూడాలి.

ఇక్కడే పెద్ద తేడా ఉంది. ఎంజీబీకి అసలు అచ్చులతో తయారైన పూర్తి బాడీ షెల్ బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్ళ దగ్గర 1988 నుంచి దొరుకుతోంది. ఏ చిన్న రేకైనా విడిగా కొనవచ్చు. స్పైడర్‌కు రిపేరు రేకులు దొరుకుతాయి గానీ ఆ స్థాయిలో కాదు. అందుకే కుళ్ళిన ఎంజీబీకి ఒక దారి మిగిలి ఉంటుంది. కుళ్ళిన స్పైడర్‌ను విడిభాగాల ధరకు తప్ప కొనకండి.

ఇంజన్లు

ఎంజీబీ ఇంజను మన అంబాసిడర్ మెకానిక్‌కు చూపిస్తే పేరు అడగకుండానే పానా తీస్తాడు. టాపెట్ (వాల్వు) సందు ఇంజను చల్లగా ఉన్నప్పుడు 0.38 మిల్లీమీటర్లు. సెట్టింగుకు తొమ్మిది లెక్క: 1వ వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు 8వది సరిచేయాలి, 3వది నొక్కుకుంటే 6వది, రెండూ కలిపితే తొమ్మిది రావాలి. ఫీలర్ గేజు, ఒక రింగు పానా, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే అరగంట పని. క్యామ్‌ను తిప్పేది చెయిను, అది అరిగితే గలగలమని ముందే చెబుతుంది. 1964 చివరిలో క్రాంక్‌షాఫ్టుకు మూడు మెయిన్ బేరింగుల బదులు ఐదొచ్చాయి. ఐదువాటిని వెతకండి.

కొనేముందు చూడాల్సినవి రెండు. బాగా వేడెక్కాక రోడ్డు మీద ఆయిల్ ప్రెషర్ చదరపు అంగుళానికి 50 పౌండ్లకు పైన ఉండాలి, ఐడ్లింగులో 15కు తగ్గితే బేరింగుల సంగతి ఆలోచించాలి. రెండోది చాలామంది మరిచిపోయేది. ఇంజను ఆపి, ఒకరిని క్లచ్ నొక్కి వదలమని, మీరు ముందు పుల్లీని చూడండి. పుల్లీ ముందుకూ వెనక్కూ కంటికి కనబడేలా కదిలితే క్రాంకును ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్టు వాషర్లు అరిగిపోయాయి. అలాగే నడిపితే వాషరు ముక్క జారి ఆయిల్ సంపులో పడుతుంది, అప్పుడు క్రాంకూ బ్లాకూ రెండూ ఒరుసుకుంటాయి. ఒక అసౌకర్యం కూడా చెప్పాలి: ఈ బండిలో క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజను బయటికి తీయాల్సిందే. కొన్న కొత్తలోనే అది చేయించాల్సి వస్తుందేమో ముందే తేల్చుకోండి.

రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు అరిగితే ఐడ్లింగు నిలవదు. కార్బ్ క్లీనర్ స్ప్రే తెచ్చి, ఇంజను తిరుగుతుండగా బటర్‌ఫ్లై కడ్డీ రెండు కొసల దగ్గర చిలకరించండి. శబ్దం మారితే అక్కడ గాలి లాగుతోంది. జెట్టు ఎంత తిప్పినా అది ట్యూనింగుతో తగ్గదు, కడ్డీ, బుష్‌లు మార్చాలి. అమెరికాలో 1975 నుంచి అమ్మినవాటికి ఈ రెండూ పీకి ఒకే జెనిత్-స్ట్రాంబర్గ్ పెట్టారు. బలం 95 గుర్రాల నుంచి 60ల్లోకి దిగింది.

ఫియట్ ఇంజను వేరే జాతి. దీన్ని గీసింది అంతకుముందు ఫెరారీలో ఇంజన్లు గీసిన ఆరేలియో లాంప్రెడి. 1438 సీసీతో మొదలై 1608, 1756 దాటి 1979లో 1995 సీసీకి చేరింది. రివ్వుమని పైకి లేస్తుంది, ఎంజీబీ గొణిగే చోట ఇది పాడుతుంది. కానీ దాని ప్రాణమంతా ఒక పళ్ళ రబ్బరు బెల్టులో ఉంది.

ఆ బెల్టు తెగితే క్యామ్‌లు ఆగిపోతాయి, క్రాంకు ఆగదు, వాల్వులు వంగుతాయి. హెడ్డు దించాలి. బెల్టు ఖరీదు హెడ్డు పని ఖర్చు ముందు లెక్కలోకి రాదు. అమ్మేవాడు కొత్తదే వేశామంటే బిల్లు అడగండి. బిల్లు లేకపోతే వేయలేదనే లెక్క. బెల్టు తిరగకపోయినా వయసుతో గట్టిపడి పళ్ళు ఊడతాయి. అందుకే కిలోమీటర్లు ఎన్ని తిరిగినా మూడు నాలుగేళ్ళకోసారి మార్చేయడం మంచిది, టెన్షనర్ బేరింగుతో సహా.

వేసేటప్పుడు క్రాంకు గుర్తు, రెండు క్యామ్ పుల్లీల గుర్తులు కలపడం అందరికీ తెలుసు. అందరూ వదిలేసేది మూడోది, కింద ఉన్న ఆగ్జిలరీ షాఫ్టు. కొన్ని బ్లాకుల్లో దాని మీద పెట్రోలు పంపును నడిపే క్యామ్ ముక్క ఉంటుంది. గుర్తు తప్పితే ఆ ముక్క రెండో సిలిండర్ కనెక్టింగ్ రాడ్‌కు తగులుతుంది. బెల్టు బిగించాక స్టార్టరు కొట్టకుండా 38 మిల్లీమీటర్ల సాకెట్‌తో క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు, ఇంజను తిరిగే దిశలోనే తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టవద్దు. రెండు చుట్ల తర్వాత గుర్తులన్నీ మళ్ళీ కలిస్తేనే కవరు మూయాలి. వెనక్కి తిప్పితే టెన్షనర్ పక్క బెల్టు వదులై ఒక పన్ను దాటేస్తుంది.

వాల్వు సందు ఇక్కడ షిమ్‌లతో సరిచేస్తారు. టాపెట్ గిన్నె నెత్తిన 0.05 మిల్లీమీటర్ల తేడాతో దొరికే గుండ్రటి బిళ్ళలుంటాయి. కొలిచి, పాతది తీసి, లెక్క కట్టి, సరైన మందంది పెట్టాలి. దానికో ప్రత్యేక పనిముట్టు కావాలి, సగం రోజు పోతుంది. ఒకసారి కుదిరితే మాత్రం చాలా వేల కిలోమీటర్లు ముట్టుకోనక్కర్లేదు.

1980లో అమెరికా స్పైడర్లకు బాష్ ఎల్-జెట్రానిక్ ఇంజెక్షన్ రావడం మొదలైంది, 1981 నుంచి అన్నిటికీ అదే. కార్బొరేటర్ గోల పోయింది, రోజూ తిప్పాలనుకునేవాళ్ళకు ఇవే మేలు. ఐడ్లింగు ఊగుతుంటే ముందు గాలి మీటరుకూ థ్రాటిల్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి, మడతలోపల చీలి ఉంటుంది. వందలు పోసి కంప్యూటర్ పెట్టె మార్చేముందు ఆ గొట్టం చూడని మెకానిక్‌లు బోలెడుమంది.

గేర్లు, స్టీరింగు, బ్రేకులు

ఎంజీబీలో 1967 చివరిదాకా ఫస్టు గేరుకు సింక్రో (గేరు గరగరలాడకుండా పడేలా చేసే భాగం) లేదు, లారీ డ్రైవర్లలా డబుల్ క్లచ్ కొట్టాలి. ఆ తర్వాతివి తీసుకోండి, అదీ ఓవర్‌డ్రైవ్ (స్విచ్చుతో పడే అదనపు పై గేరు) ఉన్నది. టాపు గేరులో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఇంజను 3,500 చుట్లు తిరుగుతుంటే ఓవర్‌డ్రైవ్ వేయగానే దాదాపు 2,800కు దిగుతుంది. హైవే మీద చెవులకు అదే తేడా. ఓవర్‌డ్రైవ్ పనిచేయకపోతే వెంటనే గుండె జారనక్కర్లేదు. ముందు గేర్‌బాక్సులో ఆయిల్ మట్టం, తర్వాత స్విచ్చు దాకా వైరు, ఆ తర్వాత సొలినాయిడ్. ఎక్కువసార్లు ఈ మూడింట్లోనే తేలిపోతుంది. ఆ గేర్‌బాక్సులో పోయాల్సింది 20డబ్ల్యూ-50 ఇంజనాయిలే. గేరాయిల్ పోసినా, జారుడు పెంచే మందులు కలిపినా ఓవర్‌డ్రైవ్ పట్టు జారుతుంది.

ఫియట్ ఐదు గేర్లు వెన్నలా పడతాయి, చల్లగా ఉన్నప్పుడు రెండోది తప్ప. ఆ సింక్రో దీని పాత బలహీనత. మొదటి రెండు కిలోమీటర్లు గరగరలాడి తర్వాత సర్దుకుంటే భరించవచ్చు. వేడెక్కాక కూడా గరగరమంటే బాక్సు విప్పే ఖర్చు ధరలోంచి తీసేయండి.

స్టీరింగులో మాత్రం ఎంజీబీదే పైచేయి. రాక్ అండ్ పినియన్ కాబట్టి సూటిగా ఉంటుంది. ఫియట్‌ది వర్మ్ అండ్ రోలర్ పెట్టె. ఐడ్లర్ ఆర్మ్ బుష్ అరిగితే నేరుగా పోతున్నప్పుడు వేలెడంత ఖాళీ ఆట వస్తుంది. బుష్ మార్చి చూడకుండా పెట్టె బిగించేయకండి. ఎంజీబీకి ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్నుల దగ్గర ఒక్కో వైపు మూడేసి గ్రీజు నిపుల్స్ ఉన్నాయి, 5,000 కిలోమీటర్లకోసారి గన్ను పెట్టాలి. వైరు (ఊచల) చక్రాలుంటే చక్రం లేపి, ఒకరు బ్రేకు నొక్కి ఉంచగా చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. టక్కుమంటే చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచే పళ్ళు అరిగాయి.

ఫియట్ వెనక డిస్కులు పట్టుకోవడంలో మేటి, వాడకుండా ఉంచితే పట్టేసుకోవడంలోనూ మేటి. నెలల తరబడి నిలిపిన బండిలో వెనక క్యాలిపర్లు బిగుసుకుని ఉంటాయి. కొద్దిదూరం నడిపి ఆపి, వెనక చక్రాల మధ్య చేయి దగ్గరపెట్టి వేడి పోల్చండి.

కరెంటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, రెండింటికీ చెడ్డపేరే, రెండింట్లోనూ తప్పు ఎక్కువగా ఎర్తింగులదే. ఎంజీబీ 1967కు ముందుదైతే పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి తగిలి ఉంటుంది), కొత్త స్టీరియో తగిలించేముందు గుర్తుంచుకోండి. ఫియట్‌లో లైట్ల కరెంటంతా స్విచ్చుల గుండానే పోతుంది, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టిస్తే స్విచ్చు కాలదు.

ఏ సంవత్సరానిది

ఎంజీబీలో 1968 నుంచి 1974 మధ్యలో వచ్చిన క్రోమ్ బంపర్ బళ్ళు బాగుంటాయి. ఆ తర్వాత అమెరికా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు పెట్టి, బండిని అంగుళంన్నర పైకి లేపారు. 1975, 76 వాటిలో ముందు యాంటీ రోల్ బార్ (బండి ఒరగకుండా ఆపే కడ్డీ) కూడా తీసేయడంతో మలుపుల్లో పడవలా ఒరుగుతాయి. 1977 మోడల్‌కు ముందూ వెనకా బార్లు వచ్చాయి. చేతిలో డబ్బు తక్కువుంటే ఆ చివరి బళ్ళు చూడవచ్చు.

ఫియట్‌లో నడపడంలో సరదాకు 1608, నమ్మకానికి 1981-82 ఇంజెక్షన్ 2000. మధ్యలో అమెరికాకు పంపిన 1756లు పొగ నిబంధనల పైపులతో ఊపిరాడనట్టుంటాయి.

మీరు కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో గీత దాటాలి: 1975, అంతకు ముందు మోడళ్ళకే స్మాగ్ (పొగ) పరీక్ష లేదు. 1976 స్పైడరైనా ఎంజీబీయైనా రెండేళ్ళకోసారి అసలు సామానుతోనే పరీక్షకు నిలబడాలి. పాత ఓనరు కార్బొరేటర్ మార్చేసి ఉంటే చిక్కే. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి రోడ్డు పన్నూ ఎంఓటీ పరీక్షా (ఏటేటా చేసే ఫిట్‌నెస్ తనిఖీ) అక్కర్లేదు. ఎంజీబీలన్నీ ఆ వయసు దాటేశాయి.

మా మాట ఇదీ: మొదటి పాత బండి అయినా, పానా పట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా, ఎంజీబీ తీసుకోండి. అది చెడేముందు చాలాకాలం సణుగుతుంది, ఏ ముక్క కావాలన్నా వారంలో ఇంటికొస్తుంది. కొండ దారుల్లో గంటలు గంటలు నడపాలని ఉండి, బెల్టు తేదీ పుస్తకంలో రాసుకునే అలవాటుంటే ఫియట్టే. వెనక చిన్న సీటు కూడా ఉంది, పదేళ్ళలోపు పిల్లలు సర్దుకుంటారు. ఆరడుగులు దాటినవాళ్ళు మాత్రం ముందు కూర్చుని చూడాలి. ఇటాలియన్ బండి పొడుగు చేతులూ పొట్టి కాళ్ళూ ఉన్నవాళ్ళ కోసం కొలిచినట్టుంటుంది, మోకాలు స్టీరింగుకు తగులుతుంది.

చూడటానికి వెళ్ళేటప్పుడు టార్చి, చిన్న అయస్కాంతం, పల్చటి గుడ్డ, ఫీలర్ గేజు పట్టుకెళ్ళండి. అయస్కాంతానికి గుడ్డ చుట్టి సిల్స్ పొడుగునా జరపండి, జారిపోయిన చోటల్లా పుట్టీ ఉన్నట్టు. మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలని ముందే ఫోన్‌లో చెప్పండి. వెళ్ళి బానెట్ మీద చేయి పెట్టగానే వెచ్చగా తగిలితే ఆ పూట తిరిగొచ్చేసి, ఇంకో రోజు చెప్పకుండా పొద్దున్నే వెళ్ళండి.